తిరిగేదేమీ లేనప్పుడు అరిగేదేమిటి?

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి, సమాచారాన్ని చిప్పుల్లో దాచే ఎస్‌ఎస్‌డీ అమర్చుకోబోతున్న పాఠకుడొకరు ఇలా రాశారు: “ఇందులో తిరిగే పళ్లెం లేదు, కదిలే ముల్లు లేదు. అయినా 600 టెరాబైట్లు రాసేవరకే హామీ అంటున్నారు. తిరిగేదేమీ లేనప్పుడు అరిగేదేమిటి?” ఎస్‌ఎస్‌డీ గురించి అడగవలసిన అసలు ప్రశ్న ఇదే. వేగం గురించి అందరూ అడుగుతారు, అరుగుదల గురించి అడిగేవారు తక్కువ.

ముందు వేగం సంగతి ముగించేద్దాం. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు, అంటే సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, 5.6 మిల్లీసెకన్లు. ముల్లు సరైన వలయానికి జరగడానికి మరో 12. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు 60కి మించి అందుకోలేదు. కంప్యూటర్ తెరుచుకోవడానికి అలాంటివి వేలల్లో కావాలి. ఎస్‌ఎస్‌డీకి ఒక్కో ముక్క అందుకోవడానికి 0.1 మిల్లీసెకను చాలు.

ఇక అరుగుదల దగ్గరికి వద్దాం. ఎస్‌ఎస్‌డీలో సమాచారమంటే బందీలైన ఎలక్ట్రాన్లు. కోటానుకోట్ల చిన్న గదులు, ఒక్కో గది చుట్టూ సిలికాన్ డయాక్సైడ్ గోడ. ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థమే ఇది, విద్యుత్తును పోనివ్వని బంధకం. బంధకంలోంచి విద్యుత్తు పోదని బడిలో నేర్పి ఊరుకుంటాం. గోడ మందం పది నానోమీటర్ల లోపుకు దిగితే ఆ నియమం సడలుతుందని అక్కడే ఒక్క మాట చేర్చితే ఎంత బాగుంటుంది! చిప్పులకు అందే సుమారు 3 వోల్టులను లోపలి సర్క్యూట్లు అంచెలంచెలుగా సుమారు 20 వోల్టులకు పెంచుతాయి. అందులో కొంత వాటాయే పడినా, అంత పలచని గోడ మీద అది సెంటీమీటరుకు దాదాపు కోటి వోల్టుల తీవ్రత. గాలిలో నిప్పురవ్వ ఎగరడానికి సెంటీమీటరుకు 30 వేల వోల్టులు సరిపోతాయి. ఆ ఒత్తిడిలో ఎలక్ట్రాన్ గోడ ఎక్కి దూకదు, కన్నమూ వేయదు. ఇవతల ఉన్నది అవతల తేలుతుంది. దీన్నే క్వాంటం టన్నెలింగ్ అంటారు. లోహాల నుంచి ఎలక్ట్రాన్లు ఎలా బయటపడతాయో వివరించడానికి ఫౌలర్, నోర్డ్‌హైమ్ 1928లో కట్టిన లెక్క ఈ రోజు మన ఫొటోలను భద్రపరుస్తోంది.

కన్నం వేయకపోయినా, ప్రతి రాకపోకకూ గోడలో కొన్ని అణుబంధాలు తెగుతాయి. ఆ లోపాల్లో కొన్ని ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. టీఎల్‌సీ రకం చిప్పులో ఒక్కో గదికి 3 బిట్లు, అంటే గదిలోని ఎలక్ట్రాన్ల మొత్తంలో 8 మట్టాలను వేరువేరుగా గుర్తుపట్టాలి. 4 బిట్లుండే క్యూఎల్‌సీలో 16. చిక్కుకున్న ఎలక్ట్రాన్లు మట్టాన్ని కొంచెం జరిపితే చాలు, పక్క మట్టంతో కలిసిపోతుంది. అందుకే టీఎల్‌సీ గది రాయడం, చెరపడం సుమారు వెయ్యి నుంచి మూడు వేల సార్ల వరకే తట్టుకుంటుంది. అరిగేది ఆ గోడ. చదివేటప్పుడు ఎలక్ట్రాన్లు గోడ దాటవు కాబట్టి ఎన్నిసార్లు చదివినా దానికి దాదాపు హాని లేదు.

ఈ అరుగుదలను డ్రైవు ఎలా పంచుకుంటుందో చూడాలంటే ఒక పలకను ఊహించుకోండి. దాని మీద ఖాళీగా ఉన్న ఏ గడిలోనైనా రాయవచ్చు. చెరపాలంటే మాత్రం నీళ్లలో ముంచి మొత్తం కడగాలి. కడిగిన ప్రతిసారీ పలక కాస్త అరుగుతుంది. గడి అంటే పేజీ, ఇప్పటి చిప్పుల్లో తరచుగా 16 కిలోబైట్లు. పలక అంటే బ్లాకు, ఎన్నో మెగాబైట్లు. ఒక గడిలో ఒక్క అక్షరం దిద్దాలి, ఏం చేయాలి? డ్రైవులోని కంట్రోలరు పాత గడిని కొట్టేసి, దిద్దిన ప్రతిని మరో పలక మీద రాసి, చిరునామాల పట్టీలో మార్పు చేస్తుంది. కొట్టివేతలు పెరిగిన పలక మీద మిగిలిన మంచి గడులను వేరే పలకకు ఎత్తి రాసి, అప్పుడు దాన్ని కడుగుతుంది. ఎప్పుడూ ఒకే పలకను కడగకుండా అన్నిటికీ వంతులు వేస్తుంది. తోషిబాలో ఫుజియో మసువోకా బృందం 1987లో ప్రకటించిన నాండ్ ఫ్లాష్, అంటే ఎస్‌ఎస్‌డీలో ఉండే ఈ చిప్పుల రకం, స్వభావమే ఇది.

పలకలన్నీ నిండిపోతే? ఎత్తి రాయడానికి చోటుండదు. కొంచెం రాయడానికి చాలా కదపాలి, డ్రైవు నెమ్మదిస్తుంది, అరుగుదలా పెరుగుతుంది. అందుకే పది, పదిహేను శాతం ఖాళీగా ఉంచమంటాను. మీరు ఫైలు తొలగించినప్పుడు ఆ గడులు ఇక అక్కర్లేదని డ్రైవుకు తెలియజేసే ఆదేశం పేరు ట్రిమ్. అది లేకపోతే కంట్రోలరు చచ్చిన గడులను కూడా శ్రద్ధగా మోస్తూనే ఉంటుంది.

వారం వారం డీఫ్రాగ్ చేయాలన్న, అంటే ఫైళ్ల ముక్కలను ఒకచోట చేర్చాలన్న నమ్మకం హార్డ్ డిస్క్ కాలం నాటిది. ముల్లు లేనిచోట ముక్కలను పక్కపక్కన చేర్చి లాభం లేదు, గోడలు అరగడం తప్ప. తెర మీద మాటిమాటికీ రిఫ్రెష్ నొక్కితే కంప్యూటర్ చురుకవుతుందన్నది ఇంకో నమ్మకం. అది బొమ్మలను మళ్లీ గీస్తుంది, అంతే.

అమర్చడం కష్టం కాదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది హార్డ్ డిస్క్ పట్టే 2.5 అంగుళాల సాటా చోటా, సన్నని కార్డు పట్టే ఎం.2 చోటా అన్నది మాత్రం కొనేముందే చూసుకోండి. డ్రైవు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు రెండు, సాటా, ఎన్‌వీఎంఈ; ఎం.2 చోటుల్లో కూడా కొన్ని సాటానే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈని. ఎం.2 కార్డు కొలతగా రాసే 2280 అంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి, బ్యాటరీ తీగ ఊడదీసి మొదలుపెట్టండి. ఎం.2 కార్డు ఏటవాలుగా లోపలికి వెళుతుంది, వదిలేస్తే పైకి లేచే ఉంటుంది. దాన్ని వేలితో వంచి పట్టుకుని, చివర బియ్యపు గింజంత మర బిగించాలి.

ఇక ఆ 600 టెరాబైట్లు. రోజుకు 50 గిగాబైట్లు రాసినా 12,000 రోజులు, 32 ఏళ్లకు పైనే. రాతకు భయపడకండి. భయపడవలసింది కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పక్కన పెట్టేయడానికి. అరిగిన గోడల్లోంచి ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి. రాత హామీ మొత్తం వాడేసిన డ్రైవు, కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక్క ఏడాది సమాచారాన్ని నిలిపితే చాలునంటుంది, చిప్పులకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. కాబట్టి మీరు తీసేసిన ఆ హార్డ్ డిస్క్ బాగుంటే పారేయకండి. యూఎస్‌బీ డబ్బాలో పెట్టి, ఫొటోలకు రెండో ప్రతి దాని మీద ఉంచండి.