స్ప్రాకెట్ పళ్లు, చైన్ సైజు మార్చే ముందు: అపోహలు - వాస్తవాలు

మోటార్ సైకిళ్లకు చైన్లు, చైన్ ఎక్కి తిరిగే పళ్ల చక్రాలైన స్ప్రాకెట్లు మార్చడం నా నిత్యకృత్యం. ముందు స్ప్రాకెట్ ఇంజిన్ దగ్గర, వెనకది వెనక చక్రానికి ఉంటుంది. ముందు ఒక పన్ను తగ్గిస్తే బండి బాగా లాగుతుందని విని ఒకరు, వెనక చిన్న స్ప్రాకెట్ వేస్తే మైలేజీ పెరుగుతుందని విని మరొకరు వస్తుంటారు. ప్రస్తుతం ముందు ఎన్ని పళ్లు, వెనక ఎన్ని పళ్లు ఉన్నాయని అడిగితే మాత్రం చెప్పగలిగేవారు అరుదు. ఆ రెండు అంకెలు తెలియకుండా, తనకు ఏ వేగంలో ఏ ఇబ్బంది ఉందో ఆలోచించకుండా చేసే మార్పు కలిసిరాదు. నేను తరచుగా వినే అపోహలను అందుకే ఇక్కడ విడమరచి రాస్తున్నాను.

లెక్క చిన్నదే. వెనక పళ్ల సంఖ్యను ముందు పళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఫైనల్ రేషియో. ముందు 15, వెనక 45 ఉంటే రేషియో 3, అంటే ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఈ వ్యాసం పొడవునా ఈ బండినే ఉదాహరణగా తీసుకుందాం. దీనికి టాప్ గేరులో ఇంజిన్ ప్రతి 1000 ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్లకు) గంటకు 16 కిలోమీటర్ల వేగం వస్తుందనుకుందాం.

అపోహ: ముందు చిన్న స్ప్రాకెట్ వేస్తే ఇంజిన్ పవర్ పెరుగుతుంది.

వాస్తవం: ఇంజిన్‌లో ఏమీ మారదు. పిస్టన్ అదే, అది కాల్చే ఇంధనం అదే, పవర్ కూడా అదే. మారేది ఆ పవర్ చక్రానికి చేరే తీరు మాత్రమే. మన బండికి ముందు 15 తీసి 14 వేస్తే రేషియో 3 నుంచి 3.21 అవుతుంది, అంటే ప్రతి గేరులోనూ వెనక చక్రానికి చేరే టార్క్ (తిప్పే బలం) సుమారు 7 శాతం పెరుగుతుంది. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రాఫిక్‌లో క్లచ్ వదిలి కదిలేటప్పుడు ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. దానికి బదులుగా, అంతకుముందు 80 కిలోమీటర్ల వేగంలో 5000 ఆర్‌పీఎం దగ్గర తిరిగిన ఇంజిన్ ఇకమీదట అదే వేగానికి దాదాపు 5360 దగ్గర తిరుగుతుంది. ముందు 13 వేస్తే ఆ అంకె 5770కి చేరుతుంది. ఊళ్లో తిరిగే బండికి అది పట్టింపు కాకపోవచ్చు గానీ, రోజూ గంటల తరబడి హైవే మీద వెళ్లేవారికి చేతుల్లోకి, పాదాల్లోకి ఎక్కే వైబ్రేషన్ ఆ అంకెను ప్రతిరోజూ గుర్తుచేస్తుంది. ఈ మార్పుతో గేర్లు దగ్గరవుతాయని కూడా కొందరు అంటారు. గేర్ల మధ్య నిష్పత్తి గేర్‌బాక్స్ లోపల స్థిరంగానే ఉంటుంది. ప్రతి గేరూ కాస్త ముందుగా అయిపోతుంది కాబట్టి అలా అనిపిస్తుంది.

అపోహ: రేషియో తగ్గిస్తే టాప్ స్పీడ్, మైలేజీ రెండూ పెరిగి తీరతాయి.

వాస్తవం: కాగితం మీద మన బండికి ముందు 16 వేస్తే, 80 కిలోమీటర్ల వేగానికి ఆర్‌పీఎం 5000 నుంచి 4690కి దిగుతుంది. అయితే టాప్ స్పీడ్‌ను చివరికి నిర్ణయించేది గాలి. గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగపు ఘనంతో పెరుగుతుంది. 100 నుంచి 110 కిలోమీటర్లకు వెళ్లాలంటే గాలిని ఎదుర్కోవడానికే 33 శాతం అదనపు పవర్ కావాలి. ఇప్పటికే టాప్ గేరులో గరిష్ఠ పవర్ వచ్చే ఆర్‌పీఎం వరకు వెళ్లలేని బండికి రేషియో ఇంకా తగ్గిస్తే, ఇంజిన్ ఆ ఆర్‌పీఎంకు మరింత దూరంగా ఉండిపోయి టాప్ స్పీడ్ తగ్గడమే జరుగుతుంది. అలాంటి బండ్లు టాప్ గేరులో కంటే దాని కింది గేరులోనే ఎక్కువ వేగం అందుకోవడం నేను స్వయంగా నడిపి చూశాను.

మైలేజీ విషయంలో సగం నిజం ఉంది. చదునైన రోడ్డు మీద నిలకడైన వేగంతో వెళ్లేటప్పుడు తక్కువ ఆర్‌పీఎం వల్ల ఇంజిన్ లోపలి రాపిడి తగ్గి ఇంధనం ఆదా అవుతుంది. అదే బండి బరువుతోనో, ఎత్తుపల్లాల మీదనో, అడుగడుగునా ఆగుతూనో నడిచేదైతే, చోదకుడు యాక్సిలరేటర్ ఎక్కువగా తిప్పి, క్లచ్‌ను ఎక్కువసేపు జార్చి, మాటిమాటికీ గేరు దించవలసి వస్తుంది కాబట్టి ఆ ఆదా అక్కడికక్కడే ఖర్చయిపోతుంది.

అపోహ: ముందు ఒక పన్ను తగ్గించినా, వెనక ఒక పన్ను పెంచినా ఫలితం ఒక్కటే.

వాస్తవం: వెనక 45 బదులు 46 వేస్తే మార్పు 2.2 శాతమే. ముందు ఒక పన్ను తగ్గిస్తే వచ్చే 7 శాతం మార్పు కావాలంటే వెనక 48 వేయాలి, అంటే మూడు పళ్లు పెంచాలి. కొద్దిపాటి సవరణ కావలసినవారు వెనక మార్చుకోవడం మేలు.

అపోహ: రేషియో ఒకటే అయితే ఏ జత వేసినా తేడా ఉండదు.

వాస్తవం: ఇది నేను అన్నిటికంటే గట్టిగా ఖండించే మాట. 13/39 వేసినా 15/45 వేసినా రేషియో 3 అవుతుంది, స్పీడు, ఆర్‌పీఎం అన్నీ సమానంగానే ఉంటాయి, కానీ చైన్ పడే శ్రమ సమానం కాదు. స్ప్రాకెట్ చిన్నదైతే దాని వ్యాసార్ధం తగ్గుతుంది కాబట్టి, అదే టార్క్‌కు చైన్ మీద పడే లాగుడు 15 శాతం పెరుగుతుంది. పైగా ప్రతి లింకు ముందు స్ప్రాకెట్ మీదికి ఎక్కేటప్పుడు 15 పళ్ల దాని మీద 24 డిగ్రీలు వంగితే చాలు, 13 పళ్ల దాని మీద దాదాపు 28 డిగ్రీలు వంగాలి. లింకులను కలిపే పిన్ను, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్ అరిగేది ఆ వంపు దగ్గరే. ఇంకొక సూక్ష్మ విషయం కూడా ఉంది. స్ప్రాకెట్ మీద చైన్ గుండ్రంగా కాక బహుభుజిలా చుట్టుకుంటుంది కాబట్టి, స్ప్రాకెట్ ఒకే వేగంతో తిరిగినా చైన్ వేగం పన్నుపన్నుకూ హెచ్చుతగ్గులవుతుంది. ఆ హెచ్చుతగ్గు 15 పళ్లకు 2.2 శాతం, 13 పళ్లకు 2.9 శాతం, 12 పళ్లకు 3.4 శాతం. తక్కువ వేగంలో బండి గరగరమన్నట్లు అనిపించడానికి ఇది కూడా ఒక కారణం.

ఒకసారి కాలి దగ్గర ఏదో గీరుకుంటున్న శబ్దం వస్తోందని ఒక బండి నా దగ్గరికి వచ్చింది. యజమాని ముందు రెండు పళ్లు తగ్గించి వేయించుకున్నారు. ముందు స్ప్రాకెట్ కవర్ విప్పి, చైన్‌ను వేలితో పైకెత్తి చూస్తే, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) ముందు అంచున ఉండే నల్లటి రబ్బరు గైడ్‌లో చైన్ ప్లేట్లు రెండు లోతైన గాళ్లు కోసేశాయి. ఒక గాడి అడుగున రబ్బరు పూర్తిగా పోయి లోహం తళుక్కుమంటోంది. చిన్న స్ప్రాకెట్ వల్ల చైన్ కిందికి దిగి స్వింగ్ ఆర్మ్‌ను ఒరుసుకుంటూ నడిచిందన్నమాట. ఇంకొన్ని నెలలు అలాగే నడిచి ఉంటే స్వింగ్ ఆర్మ్ గోడే కోసుకుపోయేది. ముందు చిన్నది వేయించుకున్నవారు ఈ గైడ్‌ను నెలకొకసారైనా చూసుకోవాలని నా విన్నపం. ముందు పెద్దది వేసేవారు కవర్ లోపల చైన్‌కు ఖాళీ మిగిలిందో లేదో చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి.

అపోహ: చైన్ నంబరు పెద్దదైతే చైన్ గట్టిది.

వాస్తవం: ఆ నంబరు కొలతను చెబుతుంది, బలాన్ని చెప్పదు. మొదటి అంకె పిచ్, అంటే పక్కపక్కనే ఉన్న రెండు పిన్నుల మధ్య దూరం, అంగుళంలో ఎన్ని ఎనిమిదో వంతులో చెబుతుంది. 428లో 4 అంటే 12.7 మిల్లీమీటర్లు. 520, 525, 530లలో 5 అంటే 15.875 మిల్లీమీటర్లు. మిగిలిన రెండు అంకెలు లోపలి వెడల్పుకు సంబంధించినవి. ఆ వెడల్పు 520కి 6.35, 525కి 7.94, 530కి 9.53 మిల్లీమీటర్లు. ఒకే 520లో కూడా తయారీని బట్టి బలం వేర్వేరుగా ఉంటుంది కాబట్టి, ఇంజిన్ సామర్థ్యానికి తగిన తరగతిని తయారీదారు పట్టికలో చూసి ఎంచుకోవాలి. 520, 525, 530 మూడింటికీ పిచ్ ఒకటే కదా అని స్ప్రాకెట్లు మార్చకుండా చైన్ మాత్రం మార్చేవారున్నారు. 525 స్ప్రాకెట్ మందం మీద 520 చైన్ కూర్చోదు. 520 స్ప్రాకెట్ మీద 530 చైన్ కూర్చుంటుంది గానీ పక్కలకు ఊగుతూ నడుస్తుంది. సైజు మారిస్తే చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపే మార్చాలి.

అపోహ: చైన్ బాగానే ఉంది, స్ప్రాకెట్ ఒక్కటి కొత్తది వేస్తే చాలు.

వాస్తవం: చైన్ సాగిందని మనం అంటాం గానీ ఉక్కు ప్లేట్లు సాగవు. లోపల పిన్నులూ బుష్‌లూ అరిగి ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ ఏర్పడుతుంది, అవన్నీ కలిసి చైన్ పొడవవుతుంది. 520 చైన్‌ను బిగువుగా లాగి 20 పిచ్‌లు కొలిస్తే కొత్తదానికి 317.5 మిల్లీమీటర్లు ఉండాలి. 1 శాతం అరిగితే 3 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ వస్తుంది. పిచ్ పెరిగిన ఆ చైన్‌ను కొత్త స్ప్రాకెట్ మీద వేస్తే బరువంతా కొద్ది పళ్ల మీదే పడి, అవి త్వరలోనే కొక్కేల్లా వంకర తిరుగుతాయి. రేషియో మార్చాలన్న కోరిక ఉన్నవారు చైన్ కిట్ (చైన్, రెండు స్ప్రాకెట్లు) ఎలాగూ మార్చవలసి వచ్చిన రోజు వరకు ఆగితే ఖర్చు కలిసివస్తుంది.

అపోహ: స్ప్రాకెట్ మారిస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది.

వాస్తవం: అది కొలత ఎక్కడ నుంచి తీసుకుంటుందో దాన్ని బట్టి ఉంటుంది. ముందు చక్రం నుంచి తీసుకుంటే ఏమీ మారదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ నుంచి తీసుకుంటే మాత్రం, 15 బదులు 14 వేసిన బండి మీటరులో 100 చూపించినప్పుడు నిజంగా 93 వేగంతోనే వెళుతుంది, కిలోమీటర్ల లెక్క కూడా ఆ మేరకు ఎక్కువ తిరుగుతుంది. చక్రాల దగ్గరే సెన్సర్లు ఉండే ఏబీఎస్‌కు దీనితో సంబంధం లేదు.

అపోహ: ఒకటి రెండు పళ్లే కదా, ఉన్న పొడవు చైనే సరిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు సరిపోతుంది, కానీ కొలవకుండా నమ్మకూడదు. ఒక పన్ను పెరిగితే చైన్‌కు అర పిచ్ అదనంగా కావాలి, అంటే యాక్సిల్ (వెనక చక్రపు ఇరుసు) దాదాపు పావు పిచ్ ముందుకు జరగాలి. 520 చైన్‌కు అది 4 మిల్లీమీటర్లు, కాబట్టి వెనక మూడు పళ్లు పెంచితే యాక్సిల్ 12 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. ఇక్కడే అనుభవం ఉన్నవారు కూడా పొరపడతారు. పాత చైన్ ఉన్నప్పుడు యాక్సిల్ ముందుకూ వెనక్కూ జరిగే గాడి మధ్యలో ఉంది, చోటు బోలెడు ఉంది అనుకుంటారు. 120 లింకుల 520 చైన్ 1 శాతం అరిగితే 19 మిల్లీమీటర్లు పొడవై, యాక్సిల్‌ను తొమ్మిది మిల్లీమీటర్లకు పైగా వెనక్కు నెట్టి ఉంటుంది. కొత్త చైన్ వేయగానే ఆ తొమ్మిదీ ముందుకు వచ్చేస్తాయి, పెంచిన పళ్ల వంతు 12 దానికి తోడవుతుంది, గాడి అయిపోతుంది. లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి చైన్‌ను రెండేసి లింకుల చొప్పునే పెంచాలి లేదా కోయాలి. అందుచేత చైన్‌ను ముందుగా కోయకుండా, కొత్త స్ప్రాకెట్లు బిగించి, చైన్‌ను చుట్టి చూసి, ఆ తర్వాతే ఎక్కడ కోయాలో గుర్తు పెట్టాలి.

బిగించాక లూజు చూసే పద్ధతి కూడా మార్పు తర్వాత ముఖ్యమే. సెంటర్ స్టాండ్ మీద చూసిన లూజు, మనిషి కూర్చున్నాక మిగలదు. ముందు స్ప్రాకెట్ మధ్యభాగం, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్ ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. ఇద్దరిని కూర్చోబెట్టో, బెల్టుతో బండిని కిందికి లాగి కట్టో ఆ స్థితికి తెచ్చి, చక్రాన్ని తిప్పుతూ చైన్ బాగా బిగుసుకునే చోట ఆపి, కింది వరుస మధ్యలో వేలితో కదిపి చూడాలి. అక్కడ కూడా చైన్ కాస్త ఊగాలి. ఊగకపోతే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద ప్రతి గుంతకూ దెబ్బ పడుతుంది కాబట్టి, యాక్సిల్ నట్టు మళ్లీ వదులు చేసి చక్రాన్ని కొద్దిగా ముందుకు జరపాలి.