గావి డబ్బుల గొడవ కాదు, ముందు ఆ 3.50 డాలర్ల సంగతి చూడండి

2025 జూన్‌లో బ్రస్సెల్స్ మీటింగ్‌కి అమెరికా హెల్త్ సెక్రటరీ కెన్నెడీ ఒక వీడియో పంపి, పేద దేశాల పిల్లలకి టీకాలు కొనిపెట్టే గావి అనే అంతర్జాతీయ సంస్థకి ఇక డబ్బులివ్వం అన్నాడు కదా, అప్పట్నుంచి మళ్ళీ పేద దేశాల టీకాల ఖర్చు మీద చర్చ నడుస్తోంది. గావి ఐదేళ్ళకి 11.9 బిలియన్ డాలర్లు అడిగితే 9 బిలియన్ల పైచిలుకు హామీలొచ్చాయి. ఎవరిచ్చారు ఎవరు ఎగ్గొట్టారు అన్నదే అందరి నోటా. అసలు అంత డబ్బు ఎందుకు కావాలి? ఒక్క టీకా ధర కథ చూస్తే తెలుస్తుంది.

2009లో ఇటలీలోని లెచ్చేలో ఒక ఒప్పందం జరిగింది. ఇటలీ, బ్రిటన్, కెనడా, రష్యా, నార్వే, గేట్స్ ఫౌండేషన్ కలిసి పిల్లలకి న్యుమోనియా రాకుండా వేసే పీసీవీ టీకా కోసం 1.5 బిలియన్ డాలర్లు పక్కనపెట్టాయి. కంపెనీకి మొదట్లో డోసుకి 7 డాలర్ల దాకా ముట్టాలి, ఆ తర్వాత ధర 3.50 దాటకూడదు అన్నది ఆ ఒప్పందం. వినడానికి బాగుంది, కానీ ఈ టీకా మొదటి రకం 2000 నుంచే అమెరికాలో అమ్ముడవుతోంది, కొత్త కంపెనీలు ముందుకు రావాలని పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం అప్పటికే మార్కెట్‌లో ఉన్న ఫైజర్, జీఎస్‌కేలకే పోయింది. తయారీ చాలా కష్టం, ఒకే బ్యాక్టీరియాలోని 13 రకాలకి పనిచెయ్యాలి అని ఫైజర్ వాదన.

2016 అక్టోబర్‌లో యుద్ధాలూ విపత్తుల్లో వైద్యం చేసే డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ సంస్థ వాళ్ళు ఫైజర్ ఊరికే ఇస్తానన్న 10 లక్షల డోసులు వద్దన్నారు. పిల్లల టీకాలు వద్దంటారా అని చాలామంది తిట్టారు. దానం ఎప్పుడైనా ఆగిపోతుంది, మాకు ధర తగ్గించండి, బిడ్డకి మూడు డోసులూ కలిపి 5 డాలర్లకివ్వండి అన్నది వాళ్ళ మాట. సుమారు నెలకే, అలాంటి సంస్థలకి ఫైజర్ ధర తగ్గించింది. అంటే తగ్గించడం కుదిరే పనే!

2019 డిసెంబర్లో పుణే సీరమ్ వాళ్ళ టీకాకి డబ్ల్యూహెచ్‌ఓ ఆమోదం వచ్చింది, గావికి అప్పట్లో డోసు 2 డాలర్లే. 3.50 పరిమితి ప్రకారం బిడ్డకి మూడు డోసులకీ పదిన్నర డాలర్లయ్యే లెక్క ఆరుకి దిగింది. 2022 డిసెంబర్లో మన హైదరాబాద్ బయోలాజికల్ ఈ కంపెనీ వాళ్ళ, బ్యాక్టీరియాలో 14 రకాలకి పనిచేసే టీకాకి కూడా ఇక్కడ అనుమతి వచ్చింది. ఆదాయం కాస్త పెరిగిందని గావి సాయం ఆగిపోయే దేశాలు రేపు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సింది ఈ టీకానే, వాళ్ళకి డోసు ఎంతకి దొరుకుతుందో బ్రస్సెల్స్‌లో లెక్కపెట్టిన హామీల్లో లేదు.