మగ కుక్కకు ఆపరేషన్: సంఖ్య కోసం వచ్చింది, స్వభావానికి మందైంది

చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఆ పక్షం రోజులూ కంచరపాలెం నుంచి మధురవాడ దాకా విశాఖ వీధుల్లో ఏం జరుగుతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గేటు లోపల ఉన్న పెంపుడు పోతుకుక్క అన్నం ముట్టదు, రాత్రంతా ఊళ వేస్తుంది, తలుపు సందు దొరికితే పరుగు తీస్తుంది. రెండు రోజులకు చెవి చీల్చుకుని తిరిగొస్తుంది. అప్పుడు యజమాని పశువైద్యుడి ఎదుట కూర్చుని అడుగుతాడు: "డాక్టరుగారూ, వృషణాలు తీసేసే ఆపరేషన్ చేయిస్తే నెమ్మదిస్తుందా?" బీచ్ రోడ్డులో పొద్దున్నే కుక్కలను తిప్పేవాళ్లు ఆయనకు అప్పటికే జవాబు చెప్పి ఉంటారు. నెమ్మదిస్తుందని, కరవడం కూడా మానేస్తుందని. ఈ జవాబులో సగమే నిజం. మిగతా సగం ఎలా వచ్చి చేరిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

వృషణాలు పోతే పొగరు తగ్గుతుందన్న ఎరుక మన పల్లెలకు కొత్త కాదు. దుక్కికి పనికి రావాలంటే కోడెకు వట్టలు నొక్కించేవారు. కానీ కుక్క జోలికి ఎవరూ పోలేదు. నాగలి లాగేది కాదు, పైగా కాపలా కుక్కకు ఆమాత్రం పొగరు ఉండాలనుకునేవారు. కుక్కకు ఈ ఆపరేషన్ నగరాల నుంచే వచ్చింది, అదీ స్వభావం కోసం కాదు, సంఖ్య కోసం.

మద్రాసు నగరం బ్రిటిష్ కాలం నుంచీ వీధి కుక్కలను పట్టి చంపుతూనే ఉండేది. ఎన్ని చంపినా ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధివి వచ్చేవి, మిగిలినవి ఈనేవి. చంపడం బదులు ఆపరేషన్ చేయాలని అక్కడి జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్ 1964 నుంచీ అడుగుతూ వచ్చింది. నగరపాలక సంస్థ ఒప్పుకున్నది 1996లో. విశాఖలో జంతు సంరక్షణ సంస్థ వీఎస్పీసీఏ మొదలైందీ ఆ ఏడాదే. 2001లో కేంద్రం కుక్కల సంతాన నియంత్రణ నియమాలు తెచ్చాక ఈ పద్ధతి దేశమంతటికీ చట్టమైంది. వల వేసి పట్టడం, ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేయడం, చెవి అంచున చిన్న ముక్క కత్తిరించి గుర్తు పెట్టడం, ఎక్కడ పట్టారో అక్కడే వదలడం. జాలరిపేటలో పడవల నీడన పడుకున్న కుక్క చెవికి గాటు కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిపోయిందని అర్థం. ఆ నియమాల ఉద్దేశం పిల్లలు తగ్గాలి, రేబిస్ తగ్గాలి అన్నదే. కుక్క శాంతిస్తుందన్న హామీ వాటిలో లేదు.

వీధుల్లో కాట్లు తగ్గిన చోట కూడా కారణం చాలామంది అనుకునేది కాదు. జైపూర్‌లో 1994లో మొదలైన కార్యక్రమం ఎక్కువగా ఆడ కుక్కల మీదే దృష్టి పెట్టింది. ఏళ్ల తరబడి ఆసుపత్రి లెక్కలు చూసిన పరిశోధకులు, కాట్లు ఎక్కువయ్యే నెలలు పిల్లలను ఈనిన తల్లి కుక్కలు వీధుల్లో ఉండే నెలలేనని గమనించారు. పిల్లలు లేకపోతే వాటిని కాచే తల్లి కోపమూ లేదు. పోతు స్వభావం మారడానికీ ఈ తగ్గుదలకూ సంబంధం తక్కువ.

పెంపుడు కుక్కల కథ అమెరికా నుంచి వచ్చింది. అక్కడి సంరక్షణ కేంద్రాల్లో దిక్కులేని కుక్కలను లక్షల్లో చంపుతున్న రోజుల్లో, 1971లో లాస్ ఏంజెలిస్ నగరం తక్కువ ఖర్చుతో ఆపరేషన్ చేసే కేంద్రం తెరిచింది. ఆరు నెలల వయసుకే చేయించేయాలన్నది అక్కడి వాడుకగా స్థిరపడింది. అదీ లెక్క తగ్గించే ఉపాయమే. నార్వేలో తగిన కారణం లేకుండా ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఈ ఆపరేషన్ చేయడానికి చట్టం ఒప్పుకోదు. అక్కడి కుక్కలు ఊళ్లను పీక్కుతింటున్నాయన్న వార్త ఎప్పుడూ రాలేదు. మన దగ్గర 2003లో హచ్ మొబైల్ కంపెనీ ప్రకటనలో పగ్ జాతి కుక్క కనిపించిన తర్వాత మధ్యతరగతి ఇళ్లలోకి జాతి కుక్కలు జోరుగా వచ్చాయి, వాటి వెంట ఆ ఆరు నెలల సలహా కూడా వచ్చింది.

మరి స్వభావం సంగతి? 1976లో కాలిఫోర్నియా పరిశోధకులు చేసిన చిన్న అధ్యయనమే ఇప్పటికీ అందరూ ఎత్తి చూపేది. పెద్దయ్యాక ఆపరేషన్ అయిన పోతుల్లో ఇల్లు వదిలి తిరిగే అలవాటు ప్రతి పదింటిలో తొమ్మిది కుక్కలకు తగ్గింది. సాటి పోతులతో కొట్లాట, ఇంట్లో కాలెత్తి మూత్రం పోయడం, ఇతర కుక్కల మీదికో మనుషుల మీదికో ఎక్కడం కూడా చాలావాటిలో తగ్గాయి. భయంతో కరవడం మీద, తన ఇంటి హద్దు కాయడం మీద ప్రభావం కనబడలేదు. 1997లో అదే విశ్వవిద్యాలయం వాళ్లు 57 కుక్కలను చూశారు. తిరగడం, కాలెత్తడం, ఎక్కడం అన్న మూడూ దాదాపు అరవై శాతం కుక్కల్లో కనీసం సగం తగ్గాయి. ఇక్కడ ముఖ్యమైన మాట ఇంకొకటుంది: అలవాటు ఎన్నాళ్లుగా ఉందన్నదీ, కుక్క వయసూ ఫలితాన్ని మార్చలేదు. "ముదిరిపోయింది, ఇప్పుడు చేయించి లాభం లేదు" అనే యజమానులు వినాల్సిన మాట ఇది.

2018లో ఆస్ట్రేలియా పరిశోధకుల బృందం ఆపరేషన్ అయిన 6,235 మగ కుక్కల యజమానుల జవాబులను పరిశీలించింది. వృషణాల నుంచి వచ్చే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఒంట్లో తక్కువ కాలం ఉన్నవాటిలో, అంటే చిన్నప్పుడే ఆపరేషన్ అయినవాటిలో, ఇంట్లో కాలెత్తడం, ఒంటరిగా ఉంటే ఊళ వేయడం తక్కువ. భయం, బెదురు, కొన్ని రకాల దూకుడు ఎక్కువ. యజమానులు చెప్పినదాని మీద కట్టిన లెక్క కనుక దీన్నే శిలాశాసనం చేయనక్కర్లేదు. కానీ దారి ఎటు చూపుతోందో స్పష్టమే. ఆడకుక్క వాసనకు పుట్టే తహతహ టెస్టోస్టిరాన్‌ది. దీపావళి బాంబులకు మంచం కింద దూరి, బయటకు లాగబోయిన చేతిని కొరికే కుక్కది భయం. తోక కాళ్ల మధ్య, చెవులు వెనక్కి, కళ్ల తెల్లగుడ్డు కనిపిస్తూ ఉండే ఆ కుక్కకు ధైర్యం ఇచ్చేదేదో ఉంటే దాన్ని కూడా తీసేయడం నాకు తెలివైన పనిగా అనిపించదు. దానికి కావాల్సింది శిక్షణ, ఓర్పు.

ఈ తేడా ప్రభుత్వానికి కూడా ఎక్కలేదు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కలను ప్రమాదకరమని నిషేధిస్తూ, ఇప్పటికే పెంచుతున్నవాటికి ఆపరేషన్ చేయించాలని రాష్ట్రాలకు రాసింది. కాటును కత్తితో ఆపవచ్చన్న నమ్మకమే ఇది కూడా. మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది.

చేయించాలని నిర్ణయించుకుంటే ఎప్పుడన్నదే పెద్ద ప్రశ్న. ఎముకల ఎదుగుదల ఎప్పుడు ఆగాలో చెప్పేవాటిలో ఈ హార్మోన్లూ ఉన్నాయి. 2020లో 35 జాతుల మీద వచ్చిన అధ్యయనం జర్మన్ షెపర్డ్‌కు 23 నెలలు, గోల్డెన్ రిట్రీవర్ పోతుకు 11 నెలలు దాటాకే చేయించమంది. తొందరపడితే కీళ్ల జబ్బులు పెరుగుతున్నాయి. పగ్ వంటి చిన్న జాతుల్లో ఆ ఇబ్బంది కనబడలేదు. మన వీధి జాతి ఆ జాబితాలోనే లేదు.

ఎటూ తేలకపోతే కొన్ని దేశాల్లో చర్మం కింద పెట్టే డెస్లోరెలిన్ గుళిక వాడతారు. ఆరు నెలలో ఏడాదో టెస్టోస్టిరాన్‌ను అణచి, ఆ తర్వాత దాని ప్రభావం పోతుంది. వృషణాలు తీసేస్తే కుక్క ఎలా ఉంటుందో ముందే చూసుకోవచ్చు. మొదటి కొన్ని వారాలు మాత్రం హార్మోన్ పెరిగి, ఉన్న అల్లరి ఇంకాస్త ఎక్కువవుతుంది. అసలు ఆపరేషన్ అయితే టెస్టోస్టిరాన్ గంటల్లోనే పడిపోతుంది, అలవాట్లు తగ్గడానికి వారాలూ నెలలూ పడుతుంది. నాళాల్లో మిగిలిన వీర్యం వల్ల ఇంకో నెలపైన ఎదకు వచ్చిన ఆడకుక్కకు పోతును దూరంగా ఉంచాల్సిందే. ఆకలి పెరిగి ఒళ్లు చేస్తుంది కనుక గిన్నెలో అన్నం కూడా తగ్గించాలి.