బుధుడిపైనా అంగారకుడిపైనా ఒకే బరువు ఎందుకు?

అంగారకుడి ద్రవ్యరాశి బుధుడి కన్నా దాదాపు రెట్టింపు. అయినా రెండింటి ఉపరితలం మీదా గురుత్వ త్వరణం 3.7 మీ/సె². భూమ్మీద 60 కిలోలు చూపించే స్ప్రింగ్ త్రాసు రెండు చోట్లా 23 కిలోల దగ్గర ఆగుతుంది. (రెండు పళ్ళేల త్రాసైతే ఎక్కడైనా 60 కిలోలే చూపిస్తుంది, ఎందుకంటే అటువైపు రాళ్ళ బరువూ అంతే తగ్గుతుంది.)

తేడా అంతా వ్యాసార్ధంలో ఉంది. ఉపరితల గురుత్వం అంటే ద్రవ్యరాశిని వ్యాసార్ధపు వర్గంతో భాగించడమే. భూమి విలువలను 1 అనుకుంటే లెక్క చాలా తేలిక. అంగారకుడి ద్రవ్యరాశి 0.107, వ్యాసార్ధం 0.532. వ్యాసార్ధాన్ని వర్గం చేస్తే 0.283. దానితో 0.107ను భాగిస్తే 0.378, అంటే భూమి గురుత్వంలో అంత వంతు. బుధుడికి ఇదే లెక్క 0.0553, 0.383లతో చేస్తే 0.377 వస్తుంది. చాలామంది తడబడేది వర్గం దగ్గరే. అది మరిచిపోతే అంగారకుడికి 0.2 వచ్చి కూర్చుంటుంది.

బుధుడు చిన్నవాడే గానీ లోపల పెద్ద ఇనుప కేంద్రకం ఉంది, అందుకే సాంద్రత ఎక్కువ. శని ఉపగ్రహం టైటాన్‌ది దీనికి తలకిందుల కథ. ద్రవ్యరాశి మన చంద్రుడికి 1.8 రెట్లున్నా, చాలా భాగం మంచు కావడంతో బాగా ఉబ్బి ఉంది. అక్కడ గురుత్వం 1.35 మీ/సె², చంద్రుడి మీద 1.62.

శని దగ్గర గురుత్వ విలువల పట్టికలే ఒకదానితో ఒకటి పొసగవు. నిలబడే నేల లేదు కాబట్టి వాయు పీడనం 1 బార్ (దాదాపు భూమ్మీద సముద్రమట్టం దగ్గర ఉండేంత) ఉన్న మట్టాన్ని ఉపరితలంగా తీసుకుంటారు. పదిన్నర గంటలకో చుట్టు తిరగడం వల్ల నడుము దగ్గర ఉబ్బింది. భూమధ్యరేఖలాంటి ఆ రేఖ మీద సుమారు 9, ధ్రువాల దగ్గర సుమారు 12 మీ/సె². పట్టికలో ఏ అక్షాంశం, భ్రమణాన్ని కలిపారా లేదా అన్నది చూడకుండా అంకె ఎత్తి రాయకూడదు. భూమ్మీద ఈ తేడా 9.78 నుంచి 9.83 వరకే.

చంద్రుడి అంకెను వీడియోలోనే సరిచూడవచ్చు. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ సుత్తినీ డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. ఎత్తు 1.6 మీటర్లనుకుంటే నేల తాకడానికి 1.4 సెకన్లు పట్టాలి, భూమ్మీదైతే 0.57. గురుత్వం ఆరో వంతైనా సమయం ఆరు రెట్లు కాదు, ఆరుకు వర్గమూలం, అంటే రెండున్నర రెట్లే.

ఇక ఉపరితల గురుత్వం సమానమైనంత మాత్రాన బయటపడడం సమానం కాదు. పలాయన వేగం, అంటే గ్రహం పట్టు నుంచి పూర్తిగా తప్పించుకోవడానికి కావలసిన వేగం, బుధుడికి సెకనుకు 4.3 కిలోమీటర్లు, అంగారకుడికి 5. అంగారకుడు పెద్దవాడు కాబట్టి అక్కడ పైకి వెళ్ళేకొద్దీ పట్టు మెల్లగా సడలుతుంది, రాకెట్ ఆ లాగుడును ఎక్కువ దూరం ఎదుర్కోవాలి.