అర్బన్ డిజైన్: వీధిలో పుట్టిన చదువు

ఆర్కిటెక్చర్ కాలేజీలో జ్యూరీ రోజున, అంటే విద్యార్థుల డిజైన్లను చూసి మార్కులు వేసే రోజున, గోడల నిండా షీట్లు వేలాడుతుంటాయి. రంగులు బాగుంటాయి, చెట్లు పచ్చగా ఉంటాయి, వెడల్పాటి ఫుట్‌పాత్ మీద నలుగురు మనుషులు హాయిగా నడుస్తుంటారు. ఆ వీధిలో మధ్యాహ్నం రెండింటికి నీడ ఎటు పడుతుంది, పూలమ్మే ఆమె బుట్ట ఎక్కడ దించుకుంటుంది అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు రాదు. పిల్లలకు తెలివి లేదని అనను. సైట్ చూడటానికి ఒక్క పూట, షీట్లు గీయడానికి వారాలకు వారాలు ఇస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? వీధులు, కూడళ్లు, బజార్లు మనుషులకు అనువుగా ఎలా ఉండాలో నేర్పే చదువు అర్బన్ డిజైన్. దాన్ని ఎలా చెప్పాలన్న చర్చ ఎక్కడ మొదలైనా ఇక్కడికే వచ్చి ఆగుతోంది. ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ చర్చ కొంత తేటపడుతుంది. ఆ కథలో మన దేశం ఉంది, హైదరాబాద్ కూడా ఉంది.

పాట్రిక్ గెడ్డెస్‌ది స్కాట్లండ్. చదివింది జీవశాస్త్రం. ఎడిన్‌బరోలో మురికివాడగా మారిన పాత వీధిలో భార్యతో కాపురం పెట్టి, ఇళ్లు కూల్చకుండా ఒక్కొక్కటే బాగుచేయించాడు. 1914లో నగరాల గురించిన ప్రదర్శన ఒకటి పెట్టడానికి ఇండియా బయల్దేరాడు. సామగ్రి వేరే ఓడలో వస్తోంది. మద్రాసు మీద ఫిరంగి గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఆ ఓడను కూడా ముంచేసింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పటాలు, చిత్రాలు సముద్రంలో కలిసిపోయాయి. స్నేహితులు మళ్లీ సేకరించి పంపితే 1915లో మద్రాసులోనే ప్రదర్శన పెట్టాడు.

తర్వాతి పదేళ్లలో దాదాపు 50 ఊళ్లకు ఆయన నివేదికలు రాశాడు. అప్పట్లో ఇరుకు సందు కనబడితే ఇంజినీర్లు పటం మీద స్కేలు పెట్టి తిన్నగా కొత్త రోడ్డు గీసేవారు. అడ్డొచ్చిన ఇళ్లు పోయేవి. గెడ్డెస్ ముందు ఊరంతా కాలినడకన తిరిగేవాడు. ఏ ఇల్లు కూలడానికి సిద్ధంగా ఉంది, ఏ రెండు ఖాళీ జాగాలు కలిపితే గాలి ఆడుతుంది, ఏ చెట్టు కింద జనం కూర్చుంటారు అని ఒక్కొక్కటీ చూసుకునేవాడు. పాడైన నాలుగు గోడలు తీసి, ఉన్న సందునే కాస్త విప్పితే సరిపోయే చోట వాడనంతా పెకలించడం దేనికని ఆయన వాదన. తంజావూరు కోట ప్రాంతంలో మున్సిపాలిటీ గీసిన తిన్నని రోడ్ల పక్కన తన పథకం పెట్టి, ఖర్చు ఎంత తగ్గుతుందో లెక్కలతో చూపించాడు. ఉన్నదాన్ని కాపాడుతూ చేసే శస్త్రచికిత్స అని ఈ పద్ధతికి పేరు పెట్టాడు.

ఇందోర్‌లో ఆయన చేసిన పని మరీ గొప్పది. ఊరిని ప్లేగు పీడిస్తున్న రోజులు. దీపావళి ఊరేగింపు ఎప్పుడూ వెళ్లే దారిలో వెళ్లదని, ఏ వీధివాళ్లు బాగా శుభ్రం చేసుకుంటే ఆ వీధి గుండా వెళ్తుందని చాటింపు వేయించాడు. జనం పోటీపడి ఇళ్లు బాగుచేసుకున్నారు, సున్నాలు కొట్టుకున్నారు, బండ్ల కొద్దీ చెత్త ఎత్తిపోశారు. ఊరేగింపులో ప్లేగు రాక్షసుడి బొమ్మ, ఎలుక బొమ్మ నడిచాయి. వీధులూడ్చేవాళ్లను దండలు వేసి నడిపించారు. అర్బన్ డిజైన్ మొదటి క్లాసులో నిర్వచనాలకు ముందు ఈ కథ చెప్పాలని నా కోరిక. వీధిని అక్కడ ఉండేవాళ్లు తమదనుకోవడం ఎలా మొదలవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పే పాఠం నాకు దొరకలేదు.

1919 నుంచి 1924 దాకా గెడ్డెస్ బొంబాయి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనువైన స్థలాలు తిరిగి చూసి 1923లో నివేదిక ఇచ్చిందీ ఆయనే.

అక్కడి నుంచి అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి దారి ఒక మహిళ వేసింది. పేరు జాక్విలిన్ టిర్‌విట్. గెడ్డెస్ భారత నివేదికల్లోంచి ముఖ్యమైన భాగాలు ఏరి 1947లో పుస్తకంగా తెచ్చింది. 1954లో ఐక్యరాజ్యసమితి తరఫున ఢిల్లీలో ఇళ్ల నిర్మాణంపై జరిగిన సదస్సుకు పనిచేసింది. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో చేరింది. అక్కడ డీన్ హోసె లూయి సెర్ట్. భవనాలు గీసేవాళ్లు ఒకవైపు, భూమి వినియోగం లెక్కలు వేసేవాళ్లు ఇంకోవైపు పోతుంటే మధ్యలో వీధి అనాథ అయిందని ఆయన బాధ. 1956 ఏప్రిల్‌లో ఆ విషయం మీదే ఒక సమావేశం పెట్టాడు. అర్బన్ డిజైన్ అన్న పేరు విశ్వవిద్యాలయాల్లో పాతుకున్నది ఆ తర్వాతే. 1960 కల్లా హార్వర్డ్‌లో ఆ పేరుతో కోర్సు మొదలైంది.

1956 నాటి ఆ సమావేశానికి రావలసిన పత్రికా సంపాదకుడు రాలేకపోతే ఆయన బదులు జేన్ జేకబ్స్ అనే పత్రికా రచయిత్రి మాట్లాడింది. న్యూయార్క్ ఈస్ట్ హార్లెంలో కొత్త ఇళ్ల సముదాయాల కోసం చిన్న కొట్లన్నీ తీసేశారని, సరుకులతో పాటు మంచీ చెడూ మాట్లాడుకునే చోటు కూడా పోయిందని చెప్పింది. మన కిరాణా కొట్టు అరుగు మీద కూర్చున్న ఎవరికైనా అది వెంటనే అర్థమవుతుంది.

1960లోనే అమెరికాలోని మరో విశ్వవిద్యాలయం ఎంఐటీలో కెవిన్ లించ్ పరిశోధన పుస్తకంగా వచ్చింది. బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్‌లలో మనుషులను కూర్చోబెట్టి మీ ఊరి పటం గుర్తున్నంత వరకు గీయమన్నాడు. జనం మనసులో ఊరు దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, గుర్తులు అనే ఐదింటితో అల్లుకుని ఉంటుందని తేల్చాడు. ఈ ఐదూ మన కాలేజీల్లో ఇప్పుడు కంఠతా వచ్చే పాఠం. పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ బోస్టన్‌లో ఆయన అడిగింది 30 మందిని, మిగతా రెండు చోట్లా 15 మంది చొప్పున. చాలామంది మధ్యతరగతి ఉద్యోగులే. ఆ లోటును లించే ఒప్పుకున్నాడు.

అందుకే ఆ పాఠాన్ని ఇక్కడ మళ్లీ మన మనుషులతో చేసి చూడాలి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009లో తెరిచారు, పొడవు 11.6 కిలోమీటర్లు. దాని కింద ఎవరినైనా అడ్రస్ అడగండి, పిల్లర్ నంబర్ చెప్తారు. పెళ్లి శుభలేఖల్లో కూడా ఆ నంబరే వేస్తున్నారు. ఒకదానిలాగే ఇంకొకటి ఉండే కాంక్రీట్ స్తంభాలు తప్ప గుర్తు పెట్టుకోవడానికి ఏమీ మిగలని రోడ్డు అది. ఆటో డ్రైవర్‌ను, ఇళ్లలో పనిచేసే ఆవిడను, కొత్తగా హాస్టల్‌లో దిగిన అమ్మాయిని పటం గీయమంటే మూడు వేర్వేరు ఊళ్లు కనబడతాయి.

మన దేశంలో ఈ కోర్సుకు తొలి ఇల్లు ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ). తెలుగు నేలకు వస్తే, 2008లో విజయవాడలో ఎస్‌పీఏ వచ్చింది, అదే ఏడాది హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. సంస్థలకు లోటు లేదు. ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ బీఆర్క్‌లో ఈ సబ్జెక్టు మాత్రం సాధారణంగా చివరి ఏళ్లలో వస్తుంది. అప్పటికి విద్యార్థి ప్లాటు హద్దు లోపలే ఆలోచించడానికి అలవాటు పడిపోయి ఉంటాడు. గేటు బయట ఉన్నదంతా వేరేవాళ్ల పని అనుకుంటాడు.

నా మట్టుకు నేను హైదరాబాద్ పిల్లలను మొదట చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టికి తీసుకెళ్లమంటాను. 1908 మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన బజారు అది. రాతి కమానులు వరుసగా సాగుతాయి. కమానుల కింద నడక, వెనక కొట్లు, పైన ఇళ్లు. టేపు పట్టుకుని కమాను లోతు కొలవాలి. మిట్టమధ్యాహ్నం నీడలో నిలబడి, ఒక్క అడుగు బయటికి వేసి ఎండ తేడా చూడాలి. ముత్యాల కొట్టు మెట్టు ఎంత ఎత్తుందో, ముసలావిడ దాన్ని ఎక్కగలదో లేదో చూడాలి. బేరం పూర్తయ్యేదాకా వెనక నడిచేవాళ్లు ఎటు తప్పుకుంటున్నారో లెక్కపెట్టాలి. తర్వాత అదే రోజు ఏదైనా కొత్త కాలనీ మెయిన్‌రోడ్డు మీద ఇవే కొలతలు తీయాలి. షీటు గీయడం ఆ రాత్రికి మొదలుపెట్టినా చాలు.

ఆ నడకకు సివిల్ ఇంజినీరింగ్ పిల్లలను కూడా పిలవాలి. మన మున్సిపాలిటీల్లో కాలువ మూత ఎంత ఎత్తున ఉండాలి, ఫుట్‌పాత్ ఎక్కడ ఆగాలి, కరెంటు స్తంభం ఎక్కడ పాతాలి అనేవి ఎక్కువగా ఆ చదువు చదివినవాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి. గెడ్డెస్ ఎవరో, జేకబ్స్ ఏమందో వాళ్ల సిలబస్‌లో సాధారణంగా ఉండదు. సందు మలుపులో చక్రాల కుర్చీ తిరగక ఆగిపోయే చోట ఆర్కిటెక్చర్ విద్యార్థి, సివిల్ విద్యార్థి పక్కపక్కన నిలబడి ఒకే టేపు పట్టుకునే తరగతి ఇంకా మన కాలేజీల టైమ్‌టేబుల్‌లోకి రావలసే ఉంది.