నొప్పుల సూది: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, ఒక సూది వేసేయండి, తొందరగా అయిపోతుంది." కర్నూలులో కాన్పుల గదిలో పనిచేసే నాకు ఈ మాట వినపడని రోజు లేదు. అనేది అత్తగారో, పత్తికొండ నుంచో ఆలూరు నుంచో తోడొచ్చిన పెద్దమ్మో.

అపోహ: నొప్పులు ఎంత ఎక్కువైతే కాన్పు అంత త్వరగా అవుతుంది.

వాస్తవం: గర్భసంచి బిగుసుకోవడం ఎంత అవసరమో, మధ్యలో సడలడమూ అంతే అవసరం. బిగుసుకున్నప్పుడు దాని గోడలోని రక్తనాళాలు నొక్కుకుపోయి మాయకు రక్తం తగ్గుతుంది. సడలాకే బిడ్డకు ఆక్సిజన్ మళ్లీ సరిగా అందేది. అందుకే పొట్ట మీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ కూర్చుంటాం. గట్టి నొప్పిలో పొట్ట నుదురులా గట్టిగా ఉంటుంది, వదిలాక బుగ్గలా మెత్తబడాలి. పది నిమిషాల్లో మూడు నాలుగు నొప్పులు చాలు. ఐదు దాటితే సెలైన్‌లో ఎక్కిస్తున్న నొప్పుల మందు, అంటే ఆక్సిటోసిన్, తగ్గిస్తాం, లేదా ఆపేస్తాం. అలా చుక్కలు లెక్కపెట్టి ఇచ్చే మందును ఊళ్లోనే ఒక్కసారిగా కండకు వేసి, ఆటో ఎక్కించి పంపిన కేసులు చూశాను. కండలోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. ముందు సిజేరియన్ అయినవాళ్లకైతే పాత కుట్టు దగ్గర సంచే చిరగొచ్చు.

అపోహ: డేట్ వచ్చినా నొప్పులు రాలేదంటే గర్భసంచికి బలం లేదు.

వాస్తవం: ఇన్నాళ్లూ దాన్ని నిద్రపుచ్చింది ప్రొజెస్టెరాన్ హార్మోన్. చివరి వారాల్లో దాని పట్టు తగ్గుతుంది, గర్భసంచి కండరం ఒంట్లోనే తయారయ్యే ఆక్సిటోసిన్ మాట వినడం మొదలుపెడుతుంది. ఆ రోజు అందరికీ ఒకేలా రాదు. అలాగని 41 వారాలు దాటుతుంటే ఇంట్లో కూర్చోకండి.

నొప్పులు రావాలని ఆముదం తాగించే అలవాటు ఇంకా పోలేదు. విరేచనాలు, వాంతులతో నీరసించి వస్తారు, అదీ మన మే నెల ఎండలో!

దొంగ నొప్పులు విశ్రాంతి తీసుకుంటే, నీళ్లు తాగితే తగ్గుతాయి. 37 వారాలకు ముందే వరుసగా నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా మాత్రం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

బిడ్డ బయటపడిన నిమిషంలోపే తొడకు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ వేస్తాం. "అయిపోయింది కదా మేడమ్, ఇప్పుడెందుకు సూది?" అంటుంది అదే పెద్దమ్మ. మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను మూసేది గర్భసంచి కండరం బిగువే. ఇప్పుడు లోపల బిడ్డ లేడు, సడలాల్సిన పనీ లేదు. పెద్దమ్మ చెయ్యి పట్టుకుని కోడలి బొడ్డు దగ్గర పెడతాను. గర్భసంచి కొబ్బరికాయలా గట్టిగా చేతికి తగులుతుంది.