నెట్టడంతో మొదలైన 'స్టాగర్'

తూలుతూ నడవడాన్ని ఇంగ్లిష్‌లో 'స్టాగర్' అంటారు. 9వ శతాబ్దంలో స్కాండినేవియా నుంచి ఉత్తర సముద్రం దాటి వచ్చి, ఇంగ్లండ్ తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగుల ప్రాచీన నార్స్ భాషే దీని పుట్టిల్లు. కాలిని సూచించే 'లెగ్' కూడా ఆ భాషదే కావడం నాకు భలే నచ్చే విషయం.

నార్స్‌లో 'స్టాకా' అంటే నెట్టడం. దానికి 'ర' చేరి 'స్టాక్రా' అయింది. పని పదేపదే జరుగుతోందని చెప్పే ప్రత్యయం అది. 'ఫ్లికర్' (రెపరెపలాడడం), 'గ్లిటర్' (తళతళలాడడం) చివర వినిపించే 'ర్' కూడా అలాంటిదే. అలా తోసి తోసి తూలేలా చేయడం 'స్టాక్రా' అయింది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో 'స్టాకరెన్'గా ఉండి, తర్వాత 'క' కాస్తా 'గ' అయింది. తోసేవాడు మరుగునపడి తూలేవాడు మిగిలాడు. అయినా ఆ తోపు పూర్తిగా పోలేదనిపిస్తుంది. దిమ్మతిరిగే అంకెను 'స్టాగరింగ్' అన్నప్పుడు, మనిషిని ఏదో బలంగా నెట్టిన భావమే కదా! 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో ఇదే మాట తాగినవాడి నడకకూ, విశ్వాసం సడలడానికీ వాడారు. మనకూ మాట తూలుతుంది, మనసు ఊగుతుంది.

పశువైద్యంలో 'స్టాగర్స్' జబ్బు పేరు. న్యూజిలాండ్‌లో రైగ్రాస్ అనే పచ్చిక మేసే గొర్రెలకు ఇది ఎండాకాలంలో ఎక్కువ. ఆ గడ్డి లోపల పెరిగే ఒక శిలీంధ్రం లోలిట్రెమ్-బి అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కండరాల కదలికను నడిపే నరాల పనిని దెబ్బతీస్తుంది. కదలకుండా నిలబడ్డ గొర్రె మామూలుగానే కనిపిస్తుంది. అదిలిస్తే చాలు, తల వణికి, కాళ్లు బిగుసుకుని పడిపోతుంది. దాని మానాన వదిలేస్తే కాసేపటికి లేస్తుంది. మేత మారిస్తే చాలావరకు కోలుకుంటుంది. శిలీంధ్రాన్ని పూర్తిగా తీసేద్దామంటే కుదరదు, గడ్డిని పురుగుల నుంచి కాపాడేది అదే. అందుకే లోలిట్రెమ్-బి తయారుచేయని శిలీంధ్ర రకాలను వెతికి పట్టుకుని, వాటిని గడ్డి విత్తనంతో పాటే రైతులకు ఇస్తున్నారు. ఇంత ఓపికైన పరిష్కారం చూస్తే ముచ్చటేస్తుంది.

19వ శతాబ్దం నుంచి, వస్తువులను ఒకదాని తర్వాత ఒకటి అటూ ఇటూ జరిపి అమర్చడాన్నీ 'స్టాగర్' అంటున్నారు. మన రైల్వే విద్యుత్ సిబ్బంది నోట రోజూ నలిగే మాట ఇది. రైలు పట్టాల మీది కరెంటు తీగను చూడండి. తిన్నగా సాగే దారిలో కూడా అది ఒక స్తంభం దగ్గర పట్టాల నడిమి గీతకు దాదాపు 200 మిల్లీమీటర్లు ఎడమకు, తర్వాతి స్తంభం దగ్గర అంతే కుడికి జరిగి ఉంటుంది. తీగ సరిగ్గా నడిమినే సాగితే, ఇంజిన్ మీద దాన్ని తాకుతూ పోయే పాంటోగ్రాఫ్ పట్టీ ఒకేచోట అరిగి గాడి పడుతుంది. తీగ ఆ గాడిలో చిక్కుకుంటే తెగే ప్రమాదం కూడా ఉంది. తీగను వంకరగా వేయడం వల్ల రాపిడి ఆ పట్టీ అంతటా పడి, పట్టీ ఎక్కువకాలం మన్నుతుంది.